పదో కాగితం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ అందరికీ చెప్పి నవ్వేది. ముక్కు మీద ఉండేదైతే ఏ తుమ్ముకో రాలిపోయేది. నా కోపం కుడిచేతిలో ఉంటుంది, ఎర్ర పెన్ను పట్టుకునే వేళ్ళలో. ముప్పై నాలుగేళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. నెల తిరక్కుండానే పిచ్చెక్కినట్టయింది. దిద్దడానికి ఇంట్లో ఏమీ లేదు. మందు సీసాల మీద రాసి ఉన్నవి, పెళ్ళి కార్డులు, కరెంటు బిల్లు వెనక ఉన్న సూచనలు దిద్దుకుంటూ కూర్చున్నాను. అలాంటి రోజుల్లో మా వీధి చివరనున్న పెద్దవాళ్ళ హోము నుంచి మేడమ్ కబురు పెట్టారు.

ఆ హోములో మూడంతస్తులు, నలభై ఇద్దరు ముసలివాళ్ళు, పద్దెనిమిది మంది ఆయాలు. అంతకు ముందు ఏడాది ఒకావిడ బాత్రూములో జారిపడితే, మాకెవరూ చెప్పలేదని వాళ్ళవాళ్ళు గొడవకొచ్చారట. ఆయా నర్సుకి చెప్పానంది. నర్సు నా చెవిన పడలేదంది. ఆ రోజు నుంచి మేడమ్ ఒక రూలు పెట్టారు. నోటిమాట చెల్లదు. ఎవరికి ఏమైనా కాగితం మీద ఉండాలి, అదీ ఇంగ్లీషులో ఉండాలి. ఆ కాగితాన్ని ఫోటో తీసి ఇంటివాళ్ళ ఫోనుకి పంపుతారు. ఇంగ్లీషులో రిపోర్టు వస్తే ఇంటివాళ్ళకి నమ్మకం కుదురుతుందట.

ఆయా రాసిన కాగితం ముందు నా బల్ల మీదికి వస్తుంది. తప్పుల్లేకపోతే ఆకుపచ్చ టిక్కు వేస్తాను. టిక్కు పడిన కాగితాన్నే హెడ్ నర్సు ముట్టుకుంటుంది. తప్పుంటే ఎర్రగా చుట్టి చూపించి ఆ కాగితం నా దగ్గరే ఉంచుకుంటాను, కొత్త కాగితం మీద మళ్ళీ రాసుకురావాలి. సరైన మాట ఏమిటో నేను చెప్పను. చెబితే బుర్రకెక్కదు, వాళ్ళే వెతుక్కోవాలి. వరసగా పది కాగితాలు మొదటిసారికే టిక్కు తెచ్చుకున్న ఆయాకి ఉద్యోగం పర్మనెంటవుతుంది, వెనక క్వార్టర్సులో ఒక గది వస్తుంది. మధ్యలో ఒక్క ఎర్ర చుట్టు పడితే లెక్క సున్నా నుంచి మొదలు. మేడమ్ ఐదు చాలన్నారు. పట్టుబట్టి పది చేయించింది నేనే.

వాళ్ళలో ఒకామెని అందరూ క్రేనమ్మ అనేవారు. నలభై దాటి ఉంటుంది. సన్నగా ఎండుకట్టెలా ఉండేది గానీ, ఎంత బరువైన మనిషినైనా మంచం మీంచి కుర్చీలోకి మార్చేసేది. మిగతావాళ్ళు ఇద్దరు కలిసి పట్టుకుంటే మూలిగే ముసలివాళ్ళు ఈమె ఒక్కతే పట్టుకుంటే కిక్కురుమనేవారు కాదు. ఆమెకి ఒక చెల్లెలుంది. ముప్పై ఏళ్ళ మనిషి, మూర్ఛలు. ఎవరో దూరపు బంధువుల వరండాలో పడి ఉంటుంది. మూర్ఛ వచ్చినప్పుడల్లా వాళ్ళు ఆమెని వరండాలోంచి కూడా బయటికి లాగేస్తారట, పిల్లలు దడుచుకుంటున్నారని. క్రేనమ్మకి ఆ వెనక గది కావాలి. చెల్లెల్ని తెచ్చుకుని తలుపేసుకుని పడుకోవాలి. అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు.

ఆరుసార్లు ఆమె లెక్క సున్నాకి వచ్చింది. ఆరుసార్లూ ఒకే క్రియ దగ్గర బోల్తా పడింది. రైజ్, రేజ్. ఇందులో ఏముందండీ, బ్రహ్మవిద్యా? తనంతట తాను లేచేది రైజ్. ఇంకొకరు లేపేది రేజ్. సూర్యుడు రైజవుతాడు, వాణ్ణి ఎవరూ ఎత్తక్కర్లేదు. చెయ్యి రేజ్ చేస్తాం, ఎందుకంటే ఎత్తేవాడొకడు, ఎత్తబడేది ఒకటి. నిన్న లేచాడనడానికి రోజ్, నిన్న ఎత్తాడనడానికి రేజ్డ్. ఏడో తరగతి పిల్లలకి నేను ఒక్క పీరియడ్‌లో చెప్పేసేవాణ్ణి.

భోజనాల హాల్లో బల్లలు తుడిచేశాక మధ్యాహ్నం మూడింటికి ఆయాలకి నా ఇంగ్లీషు క్లాసు. ఆ రోజు ఉదాహరణ కోసం అద్దె సంగతి ఎత్తాను. అద్దె పెరిగితే రైజ్, ఓనరు పెంచితే రేజ్ అన్నాను.

"అద్దె తనంతట తాను ఎప్పుడు పెరిగింది సార్? ఎవడో ఒకడు పెంచితేనే కదా," అంది వెనక బెంచీ ఆయా.

అందరూ గొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట దించుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. క్రేనమ్మని లేపాను.

"నువ్వు చెప్పు. తేడా ఏంటి?"

"మా పనే అది కదా సార్. ఆరో నంబరు అమ్మమ్మ తనే లేస్తుంది, మనం పక్కన నిలబడితే చాలు. తొమ్మిదో నంబరు తాతని మనమే లేపాలి. ఆ తేడా తెలుసు సార్. ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి."

"రెండూ ఒకటైతే మేడమ్ నీకు జీతం దేనికిస్తున్నట్టు? తాతలు వాళ్ళే లేచి నడుచుకుంటూ పోతారుగా."

ఈసారి అందరూ నా మాటకి నవ్వారు. ప్రాణం లేచొచ్చింది. చెయ్యి పైకెత్తమన్నాను. ఐ రేజ్ మై హ్యాండ్ అని పైకి అంటూ క్లాసయ్యేదాకా అలాగే నిలబడమన్నాను. ఇరవై నిమిషాలు నిలబడింది. చెయ్యి వణకడం మొదలుపెడితే రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుని నిలబెట్టుకుంది. నలభై ఏళ్ళ మనిషి బడిపిల్లలా అలా నిలబడితే చూడ్డానికి బాగోలేదని నాకూ తెలుసు. అయినా దించమనలేదు.

ఆ తర్వాత ఆమె ఒక దొంగ తెలివి నేర్చింది. ఆ క్రియ జోలికే పోవడం మానేసింది. తాత లేచాడనడానికి గాట్ అప్ అని, అమ్మమ్మని లేపి కూర్చోబెట్టామనడానికి గ్రాండ్‌మదర్ ఈజ్ ఇన్ ద చెయిర్ నౌ లాంటి వంకర దారులు వెతికింది. తప్పు పట్టడానికి వీల్లేని చోట టిక్కు పెట్టక తప్పలేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. తొమ్మిది టిక్కులు పడిన బుధవారం సాయంత్రం ఆమె చెల్లెలికి కబురు పెట్టిందట, శనివారానికి సంచి సర్దుకుని వచ్చెయ్యమని. వాచ్‌మన్ చెప్పాడు. నా టిక్కు పడకముందే గది తనదైపోయినట్టు ఆ ధీమా ఏమిటో అనిపించింది.

గురువారం పొద్దున తొమ్మిదీ పది.

నాలుగో నంబరు గదిలో టైలరు తాత ఉండేవాడు. డెబ్భై ఆరేళ్ళు. కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించేవాడు. హోములో ఎవరి బొత్తాం ఊడినా, ఎవరి లంగా అంచు విడిపోయినా ఆయన దగ్గరికే. ఆ పని లేకపోతే తిండి సహించదనేవాడు. ఆ పొద్దున క్రేనమ్మ ఆయన గది నుంచి పరుగులాంటి నడకతో వచ్చి కాగితం నా ముందు పెట్టింది. అందులో ఇంగ్లీషులో ఇలా ఉంది: టైలర్ గ్రాండ్‌ఫాదర్ కెనాట్ రైజ్ లెఫ్ట్ హ్యాండ్ సిన్స్ టీ. టీ ఈజ్ ఫాలింగ్ ఫ్రమ్ మౌత్.

నాకు అర్థమైంది. ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత నీళ్ళు నమలడం నాకిష్టం లేదు. మొదటి చూపులోనే అర్థమైంది. టీ తాగినప్పటి నుంచి తాత ఎడమ చెయ్యి ఎత్తలేకపోతున్నాడు, తాగిన టీ నోట్లోంచి కారిపోతోంది. అదేం జబ్బో తెలియడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. కానీ నా కన్ను రైజ్ దగ్గర ఆగిపోయింది. దొరికింది అనుకున్నాను. ఎర్ర పెన్ను తీసి గుండ్రంగా చుట్టాను.

"సార్, తాత చెయ్యి పడిపోయింది," అంది.

"కాగితంలో ఉందిగా. చూశాను."

"నర్సమ్మకి చెప్పాను సార్. టిక్కు లేకుండా వస్తే తన ఉద్యోగం పోతుందంది. టిక్కు వేయించుకుని రమ్మంది."

"మరి సరిగ్గా రాసుకురా."

"ఇదొక్కటి వేసెయ్యండి సార్. నా పది లెక్కలో వద్దు. మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టుకుంటాను. గది కూడా ఇప్పుడే వద్దు."

ఆ మాటతో నేను మెత్తబడాల్సింది. ఇంకా బిగుసుకున్నాను. గది వద్దంటే నా టిక్కుకి విలువేముంది?

"తప్పున్న కాగితానికి టిక్కు వేసే చెయ్యి కాదు నాది. వెళ్ళు," అన్నాను.

మళ్ళీ పదకొండింటికి వచ్చింది. ఈలోగా ఆమెకి ఐదుగురికి స్నానాలు, ఇద్దరికి కట్లు. కొత్త కాగితం మీద రైజ్ బదులు రోజ్ అని రాసింది.

"గులాబీ పువ్వా? తాత చేతిలో పెట్టావా?" అన్నాను.

పక్క బల్ల దగ్గర బిల్లులు రాసుకుంటున్న గుమాస్తా నవ్వాడు. క్రేనమ్మ నవ్వు వినపడనట్టు నా పెన్ను వంకే చూస్తూ నిలబడింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. చుట్టేసి మళ్ళీ రాసుకురమ్మన్నాను. లిఫ్ట్ అని రాసినా, మూవ్ అని రాసినా సరిపోయేది. ఆ రెండు మాటలూ ఆమెకి వచ్చు. భయంలో తోచలేదు. నేను చెప్పలేదు.

ఒంటిగంటకి అన్నానికి వెళుతూ నాలుగో నంబరు గది మీదుగా నడిచాను. తలుపు తీసే ఉంది. టైలరు తాత కుర్చీలో ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. చుట్టూ రెండు దిండ్లు దోపి ఉన్నాయి, అది క్రేనమ్మ పనే. కుడిచేత్తో ఎడమచెయ్యి పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎవరిదో వస్తువు కాపలా కాస్తున్నట్టు. నన్ను చూసి ఏదో అన్నాడు. ముద్దగా వచ్చింది. మాస్టారూ అని పిలిచాడు.

"వస్తా, వస్తా," అని వెళ్ళిపోయాను. ఆ రోజు అన్నం బాగానే తిన్నాను.

ఒకటిన్నరకి మూడో కాగితం. కెనాట్ రేజ్డ్. సగం వచ్చింది.

"దగ్గరికొచ్చావు," అన్నాను. నిజంగానే మెచ్చుకున్నాను. "కెనాట్ తర్వాత ఏం రావాలో ఆలోచించు."

"ఆలోచించలేను సార్," అంది. "మీ కాళ్ళు పట్టుకుంటాను."

కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

నాలుగింటికి సరైన కాగితం వచ్చింది. ఆరో నంబరు అమ్మమ్మ ఒకప్పుడు టైపిస్టు. ఆవిడ మధ్యాహ్నం నిద్ర లేచేదాకా కాచుకుని కూర్చుని అడిగి రాయించుకుందట. టైలర్ గ్రాండ్‌ఫాదర్ కెనాట్ రేజ్ హిజ్ లెఫ్ట్ హ్యాండ్. అక్షరం అక్షరం ముత్యంలా ఉంది. ఆకుపచ్చ టిక్కు వేసి, చూశావా, కష్టపడితే ఎందుకు రాదు అన్నాను. ఆమె కాగితం లాక్కుని పరిగెత్తింది.

అంబులెన్సు వచ్చేసరికి నాలుగున్నర. తొలి నాలుగ్గంటల్లో తెచ్చి ఉంటే ఒక ఇంజెక్షనుండేదని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడట. తాతకి ఎడమ పక్కంతా పడిపోయింది. మాట ఉంది గానీ, అందులో ఏముందో ఎవరికీ తెలియదు.

శనివారం పొద్దున మేడమ్ గదిలో అందర్నీ కూర్చోబెట్టారు. టైలరు కూతురొచ్చింది. బట్టలు ఇస్త్రీ చేసే షాపు నడుపుతుంది, వేళ్ళ మీద కాలిన మచ్చలు. హెడ్ నర్సు గోడ పక్కన, నేను కిటికీ పక్కన. క్రేనమ్మని నిలబెట్టారు.

మేడమ్ బల్ల మీద ఉన్న రిపోర్టు ఒక్కటే, ఆకుపచ్చ టిక్కుది. దాని మీద టైము నాలుగు.

"పొద్దున టీ అప్పుడే నాన్నకి చెయ్యి పడిపోయిందంటున్నారు. నాలుగింటి దాకా ఏం చేస్తున్నావమ్మా?" అంది కూతురు. గొంతు పెంచలేదు.

"పొద్దున్నే రాశానమ్మా. మూడుసార్లు రాశాను. ఆ కాగితాలు మాస్టారి దగ్గరున్నాయి."

ఉన్నాయి. తప్పుల కాగితాలు నేను పారెయ్యను. సొరుగులో దాచి, నెలకోసారి పాత స్నేహితులతో కూర్చున్నప్పుడు చదివి వినిపిస్తాను. కడుపు చెక్కలయ్యేలా నవ్వుకుంటాం. గుమాస్తా వెళ్ళి సొరుగు తీసి మూడూ తెచ్చాడు. మేడమ్ ముందు పరిచాడు. మూడింటి మీదా ఎర్ర చుట్లు, మూడింటి మీదా టైము.

కూతురు మొదటిది అందుకుంది. వేలు పెట్టి మెల్లగా కూడబలుక్కుంటూ చదివింది. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. చివరిదాకా చదివి తలెత్తింది.

"ఎడం చెయ్యి లేవట్లేదు, టీ కారిపోతోందని రాసింది. నాకే తెలుస్తోంది. మాస్టారూ, మీకు అర్థం కాలేదా?"

నా ముందు రెండే దారులున్నాయి. అర్థమైందంటే ఏడు గంటల పాటు ఒక ముసలివాడి ప్రాణంతో ఆడుకున్నవాణ్ణవుతాను. అర్థం కాలేదంటే ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పి, ఏడో తరగతి చదివినావిడకి తెలిసింది తెలుసుకోలేని దద్దమ్మనవుతాను. జీవితంలో మొదటిసారి దద్దమ్మగా ఉండటమే నయమనిపించింది.

"అర్థం కాలేదమ్మా," అన్నాను. "రైజ్ అంటే తనంతట పైకి లేవడం. చెయ్యిని రైజ్ చెయ్యడమనేది ఇంగ్లీషులో లేదు. అలాంటి వాక్యానికి అర్థం ఉండదు. అందుకే స్పష్టంగా రాసుకురమ్మన్నాను."

"నర్సమ్మకి నోటితో కూడా చెప్పానమ్మా," అంది క్రేనమ్మ.

హెడ్ నర్సు నేల చూపులు చూస్తూ, "నా ట్రేలోకి కాగితం నాలుగింటికే వచ్చింది మేడమ్," అంది. అందులో అబద్ధమేమీ లేదు.

మేడమ్ మూడు కాగితాలూ తిప్పి తిప్పి చూశారు. ఆ రూలు ఆవిడదే, నన్ను కుర్చీలో కూర్చోబెట్టిందీ ఆవిడే. మమ్మల్ని తప్పుపడితే ఆ తప్పు ఆవిడ మెడకే చుట్టుకుంటుంది.

"రాసింది నువ్వు. నీ రాత ఎవరికీ అర్థం కాకపోతే ఎవర్నంటాం? ఇన్నిసార్లు ఎర్ర చుట్లు పడ్డ మనిషిని ముసలివాళ్ళ దగ్గర ఉంచడం మాదే పొరపాటు," అన్నారు. "మధ్యాహ్నానికి సామాను తీసేసుకో."

కూతురు అరిచి ఉంటే బాగుండేది. మొదటి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని, నా వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం గేటు దగ్గర బెంచీ మీద ముప్పై ఏళ్ళ ఒకామె కూర్చుని ఉంది. పక్కన గుడ్డ సంచి, చుట్ట చుట్టిన చాప. ముఖం చూస్తే క్రేనమ్మ పోలికే. నేను తల తిప్పుకుని పోబోతుంటే వెనక నుంచి పిలుపు వినిపించింది.

"సార్."

క్రేనమ్మ చేతిలో ఒక చిన్న మూట. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"నాలుగోసారి రాసింది తప్పుల్లేకుండా ఉందన్నారు కదా. నాకు ఇంగ్లీషు రాయడం వచ్చని ఒక ముక్క రాసివ్వండి సార్. ఇంకో హోములో అడుగుతాను."

ఆమెకి ఇంగ్లీషు వచ్చని నా సంతకంతో కాగితముంటే, అది రేపే ఆ ఇస్త్రీ షాపుకి చేరుతుంది. అప్పుడు నాకు అర్థం కాలేదన్న మాట ఏమవుతుంది? ఆ లెక్క వేసుకోవడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు.

"అలాంటివి రాసివ్వకూడదు. రూలు ఒప్పుకోదు," అన్నాను.

ఆమె తలూపింది. వెళుతుందనుకున్నాను. వెళ్ళలేదు.

"అయితే ఒక్క మాట చెప్పండి సార్. గురువారం నుంచి నాకు నిద్ర లేదు. మీకు నిజంగా అర్థం కాలేదా? నేను సరిగ్గా రాయకపోవడం వల్లేనా తాతకి అలా అయింది? మీరు ఏది చెబితే అదే. ఎవరికీ చెప్పను. నా మనసుకి తెలియాలంతే."

ఆమె నిజంగానే అడుగుతోంది. నన్ను ఇరికించడానికి కాదు. రెండు రోజులుగా ఆ ముసలివాడి చెయ్యి తనవల్లే పోయిందేమోనని కుమిలిపోతోంది. కాదమ్మా, నీ తప్పు కాదు, నాకు పొద్దున్నే అర్థమైంది అంటే చాలు. ఆ మాటకి సాక్షి కూడా ఎవరూ లేరు. నాకు సిగ్గేసింది, ఒళ్ళంతా సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు వచ్చేది కోపమే. నా ముందు నిలబడి నాకు సిగ్గు పుట్టించడానికి ఈవిడెవరు?

"అవును," అన్నాను. "నీవల్లే."

ఆమె మూట కింద పెట్టింది. తర్వాత రెండు చేతులూ జోడించి నాకు దణ్ణం పెట్టింది. చెప్పినందుకు.